లుంగీ మింగిన షాఫ్టుకి కవరు వేయించిన కథ: ఆనందపురం వైపు ఒక ట్రాక్టర్ షెడ్డు రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, షెడ్డు పేరు రాయను. దాన్ని నడిపే మేస్త్రే వద్దన్నాడు. "పేరెట్టొద్దు బాబూ, ఉన్నోళ్లకే సమాదానం సెప్పలేకపోతన్నాను" అన్నాడు. మృగశిర కార్తెలో ఆ షెడ్డు ముందు నిలబడి ఉన్న ట్రాక్టర్లు లెక్కపెట్టాక ఆయన మాటలో అబద్ధం లేదనిపించింది. విశాఖ దగ్గర ఆనందపురం పూల మార్కెట్ దాటాక లోపలికి వెళ్లే రోడ్డులో చింతచెట్టు కింద రేకుల షెడ్డు, బోర్డు లేదు, ట్రాక్టర్ ఉన్నవాళ్లని ఎవరినడిగినా దారి చెప్తారు. ఇంతకంటే గుర్తులు అక్కర్లేదు.

మేముండేది మధురవాడలో, నా ఉద్యోగం రుషికొండ కొండ మీద. నాన్న మాత్రం పద్మనాభం మండలంలో మా ఊళ్లోనే ఉంటాడు. ఐదెకరాలు, ఎక్కువ వరి, కొంచెం మొక్కజొన్న, ఓ పక్క బంతి. ట్రాక్టర్ సెకండ్ హ్యాండ్‌ది, 45 హార్స్‌పవర్, దాని వెనక తగిలించి మట్టిని పొడి చేసే 36 బ్లేడ్ల ఐదడుగుల రోటవేటర్. ఆ బండి గురించి నాకు తెలిసిందల్లా ఈఎంఐ ఎంతో, అది ఎప్పుడు అయిపోయిందో. మిగతాదంతా నాన్న చూసుకునేవాడు, పోయినేడు దాకా.

పోయినేడు ఏమైందంటే, బంతి వేసే మడి దున్నుతుంటే రోటవేటర్‌కి తీగలు చుట్టుకున్నాయి. నడిపే కుర్రాడు సీట్లోనే ఉన్నాడు, ఇంజిన్ ఆడుతోంది, పీటీవో, అంటే ఇంజిన్ బలాన్ని షాఫ్టు ద్వారా రోటవేటర్‌కి అందించే భాగం, తిరుగుతోంది, నాన్న వెనక నుంచి వెళ్లి కొడవలితో తీగలు కోయబోయాడు. సగానికి మడిచి కట్టిన లుంగీ. గాలి కొట్టిందో, ఈయనే వంగాడో, లుంగీ అంచు వెళ్లి షాఫ్టు మీద క్రాస్ (షాఫ్టు వంగడానికి ఉండే కీలు) దగ్గర బోల్టుకి తగిలింది. ఆ తర్వాత ఏం జరిగిందని అడిగితే నాన్నకే తెలీదు. "గిర్రున తిరిగి టైరుకి కొట్టుకున్నాను, చూస్తే ఒంటి మీద లుంగీ లేదు" అంటాడు. ముడి వదులుగా ఉండటం, బట్ట నానబెట్టి ఉతికి ఉతికి పాతబడి ఉండటం, ఈ రెండూ కాపాడాయి. కొత్త లుంగీ అయినా, బెల్టు పెట్టిన ప్యాంటు అయినా ఇది రివ్యూ అయ్యేది కాదు.

ఆ రాత్రి ఊరంతా నవ్వుకున్నారు, మడి మధ్యలో డ్రాయర్ మీద నిలబడ్డ పెద్దాయన కథ చెప్పుకుని. నాన్నే అందరికంటే ఎక్కువ నవ్వించాడు. నేను శనివారం వెళ్లేసరికి నడుం దగ్గర అరచేతి వెడల్పున తాడుతో ఒరుసుకున్నట్టు నల్లటి చార ఉంది. షాఫ్టు మీద లుంగీ ఇంకా అలాగే ఉంది. నీలం గళ్లు. చేత్తో పీకితే రాలేదు, కొడవలికి తెగలేదు, చివరికి హాక్సా బ్లేడుతో కోస్తే అరగంట పట్టింది, లోపలి పొరలు వేడికి అంటుకుపోయి కమిలిన వాసన. ఇంట్లో అందరూ నవ్విన కథని ఇలా ముక్కలు ముక్కలుగా కోసి తీసేటప్పుడు నాకు నవ్వు రాలేదు.

నాకు లెక్కల పిచ్చి ఉంది కాబట్టి టేపు తెచ్చి కొలిచాను. షాఫ్టు చుట్టుకొలత ఇంచుమించు 20 సెంటీమీటర్లు. మామూలు ట్రాక్టర్ పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 9. ఒక్క సెకనులో 180 సెంటీమీటర్ల బట్టని చుట్టేసుకుంటుంది, చుట్టుకున్న కొద్దీ లావెక్కి ఇంకా స్పీడుగా లాగుతుంది. లుంగీ పొడవు రెండు మీటర్లు. అయ్యో అని అరిచి, సీట్లో కుర్రాడు వెనక్కి తిరిగి చూసి, క్లచ్ తొక్కేలోపు మొత్తం లోపలికెళ్లి మనిషి దగ్గరికొస్తుంది. ఇందులో జాగ్రత్తగా ఉండటం, ఉండకపోవటం అనే ప్రశ్నే లేదు, మన ఒంటికి ఆ స్పీడు లేదు, అంతే.

నిజానికి ఆ షాఫ్టు మీద కవరు ఉండాలి. బండి కొన్నప్పుడు ఉంది కూడా, పసుపు ప్లాస్టిక్ గొట్టం, నేను ఫొటోల్లో చూశాను. ఆ మధ్య ఒక చోట సర్వీసుకిచ్చినప్పుడు గ్రీజు పెట్టడానికని విప్పారు, తిరిగి బిగించలేదు, నాన్న అడగలేదు. వాళ్ల దగ్గరికెళ్లి అడిగితే మేం తియ్యలేదన్నారు. సరే, కొత్తది కొందామని ఆటోనగర్‌లో ఒక ఆదివారం మొత్తం తిరిగాను. ఒకరు కవరు వేరుగా రాదు షాఫ్టు మొత్తం కొనండి అన్నారు, ఒకరు పెట్టినా నెల్లాళ్లలో పగిలిపోద్ది సార్ అన్నారు, ఇంకొకాయన టీ తాగుతూ "బండికి సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించారా" అని అడిగాడు. చేయించాం. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించాం. షాఫ్టు కింద పెట్టలేదు, అదొక్కటే తక్కువైంది.

అప్పుడు మా ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసే ఆయన ఈ షెడ్డు చెప్పాడు.

మేస్త్రికి యాభై అయిదేళ్లుంటాయి. బండి దిగి నేను నమస్కారం పెట్టేలోపే వెనక్కి వెళ్లి వంగి చూసి మొదటి మాట, "కవరెవులు తీసీసినారు?" అంత సేపు ఎక్కడెక్కడో తిరిగి నేను అడుగుతున్న ప్రశ్నని నన్నే ఒకరు అడిగేసరికి సగం రేటింగ్ అక్కడే ఇచ్చేశాను. ఎడమ చేతి చూపుడు వేలు సగమే ఉంది. నేను ఆ వేలు వైపు చూడటం చూసి నవ్వి, "అందరూ మిసన్లో పోయిందనుకుంటారు, బస్సు తలుపులో పడింది" అన్నాడు. మంచి కథ ఒకటి మనసులో అల్లేసుకున్నాను, పాడైపోయింది.

ఇక్కడ పని ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే డబ్బులు దానికే. షెడ్డులో గోడకి మేకులు, మేకులకి పురికొసలు కట్టిన తాళంచెవులు. ఏ బండి కింద ఎవరు పని చేస్తున్నారో ఆ బండి తాళంచెవి ఆ మనిషి మెడలో ఉంటుంది. మేస్త్రి మెడలోనైనా, పదిహేడేళ్ల హెల్పర్ మెడలోనైనా. నేను హారన్ పని చేస్తుందా అని చూద్దామని తాళం అడిగితే రోటవేటర్ కింద నుంచి చెయ్యి మాత్రమే బయటికొచ్చి వద్దన్నట్టు ఊగింది. బయటికొచ్చాక కూడా ఇవ్వలేదు, బ్లేడ్లన్నీ బిగించి స్పానర్లు లెక్కపెట్టుకున్నాక ఇచ్చాడు. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు. నాన్న బ్లేడ్లు మార్చేటప్పుడు తాళంచెవి బండికే ఉండేది, పక్కన మా ఆరేళ్లవాడు స్టీరింగ్ పట్టుకుని డుర్రుమంటూ ఆడుకునేవాడు.

ఇంకోటి, ఆయిల్ ఒత్తిడితో రోటవేటర్‌ని పైకెత్తే హైడ్రాలిక్ మీద ఆయనకి పైసా నమ్మకం లేదు. లిఫ్టులో రోటవేటర్ పైకెత్తి ఉంటే దాని కిందకి చెయ్యి కూడా పోనివ్వడు. ఎందుకని అడిగితే ఇంజిన్ ఆపేసి, లివరు మీద వేలు పెట్టి కొంచెం కిందకి జరిపాడు, ఆ ఇనుమంతా దభేలున దిగింది, షెడ్డు రేకులు గలగలలాడాయి. ఇంజిన్ ఆగితే లిఫ్టు గట్టిగా నిలబడి ఉంటుందని అనుకునేవాడిని నేను, లివరుకి తువ్వాలు తగిలినా చాలట. అందుకే ఎత్తాక రెండు వైపులా చెక్క మొద్దులు పెడతాడు, అడుగున్నర ఎత్తు తాటి మొద్దులు, ఏళ్ల తరబడి గ్రీజు తాగి నల్లగా నిగనిగలాడుతున్నాయి. మా నాన్న ఇటుకలు పెడతాడని చెప్తే మేస్త్రి మొహం అదోలా పెట్టాడు. చెక్క నలుగుతుంది, ఇటుక ఒక్కసారే పగులుతుంది, నలిగేదానికి చప్పుడుంటుంది మనం తప్పుకోడానికి అన్నాడు.

సరే, అసలు కవరు సంగతి. ఇక్కడే ఈయన మిగతావాళ్లకంటే వేరు. కవరు తెప్పించడం పెద్ద విషయం కాదు, డబ్బులిస్తే ఎవరైనా తెప్పిస్తారు. ఈయన నన్ను కూర్చోబెట్టి, "మీ నాన్న దాన్ని మళ్లీ ఎందుకు పీకేత్తాడో సెప్పు" అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. ఆయనే చెప్పాడు: షాఫ్టు రెండు చివర్లా క్రాస్‌లుంటాయి, వాటికి రోజూ గ్రీజు పెట్టాలి, పాత రకం కవరుంటే గ్రీజు ఎక్కించే నిపుల్ కనపడదు, గ్రీజు గన్ దూరదు, మూడు రోజులు కవరు విప్పి పెట్టి నాలుగో రోజు విసుగొచ్చి గట్టు మీద పడేస్తారు, ఐదో రోజు దాన్ని పిల్లలు ఆడుకోడానికి పట్టుకుపోతారు. అందుకని ఆయన తెప్పించిన రకంలో చివర గిన్నెలా ఉండే భాగం ఉంది చూడండి, అది రెండు క్లిప్పులు నొక్కితే వెనక్కి జరుగుతుంది, గ్రీజు కొట్టి ముందుకి తోస్తే టక్కున కూర్చుంటుంది. నాన్నని పిలిపించి ఆయన చేతే నాలుగు సార్లు జరిపించి చూపించాడు. నాలుగోసారికి నాన్న "ఇదేదో బాగుందిరా" అన్నాడు. అప్పటికి గానీ బిగించలేదు.

కవరు రెండు చివర్లా సన్న గొలుసులుంటాయి, ఒకటి ట్రాక్టర్‌కి, ఒకటి రోటవేటర్‌కి తగిలించాలి. లోపల షాఫ్టు తిరుగుతుంటే కవరు మాత్రం కదలకుండా నిలబడాలి, గొలుసు తెగితే కవరు కూడా షాఫ్టుతో పాటు తిరుగుతుంది, అప్పుడు ఉన్నా లేనట్టే. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు చేత్తో తిప్పితే కవరు తేలిగ్గా తిరగాలి, పట్టేసినట్టుంటే లోపల బేరింగ్‌లో మట్టి చేరిందని. ఇది చూసుకోవడానికి పది సెకన్లు. ట్రాక్టర్ వైపు పీటీవో మొదట్లో ఉండాల్సిన ఇనుప రేకు కూడా మాకు లేదు, నాన్నే షాఫ్టు తగిలించడానికి అడ్డమొస్తోందని తీసేశాడట, ఎక్కడుందో అడిగితే కోళ్ల గూడుకి తలుపయిందని తేలింది. మేస్త్రి కొత్తది కోసి బోల్టులతో బిగించాడు. కోళ్లు క్షేమం.

కవరు కోసం వెళ్లినవాడిని, ఆయన బండి మొత్తం చూసి ఇంకో చిట్టా చెప్పాడు. ఇక్కడ కొంచెం ఇబ్బంది పడ్డాను, పని పెంచేస్తున్నాడేమో అని. ఒక్కొక్కటీ చూపించాక మాట పడిపోయింది.

సెల్ఫ్ వైర్లు. క్లచ్ తొక్కకుండా, గేరు న్యూట్రల్లో లేకుండా స్టార్ట్ అవకూడదని బండికి ఒక స్విచ్చు ఉంటుంది. మాది ఎప్పుడో పాడైతే ఎవరో రెండు వైర్లు కలిపి టేపు చుట్టేశారు. అది కూడా సతాయిస్తే నాన్న కిందే నిలబడి సెల్ఫ్ మోటారు టెర్మినల్స్‌కి స్క్రూడ్రైవర్ ఆనించి స్టార్ట్ చేసేవాడు, అదొక విద్యలాగా. ఆ నిలబడే చోటు సరిగ్గా పెద్ద చక్రం ముందు. గేర్లో ఉందంటే బండి స్టార్ట్ అవుతూనే మనిషి మీదకి ఎక్కుతుంది, సీట్లో ఆపేవాడు లేడు. మేస్త్రి కొత్త స్విచ్చు వేసి, టెర్మినల్స్ మీద మూత బిగించి, ఆ స్క్రూడ్రైవర్ కూడా తీసేసుకున్నాడు. తిరిగివ్వలేదు. చిన్న విషయమే కానీ రివ్యూ కదా, రాస్తున్నా.

బ్రేకులు. ట్రాక్టర్‌కి కుడి చక్రానికి ఒక పెడల్, ఎడమ చక్రానికి ఒక పెడల్ ఉంటాయని చాలామందికి తెలుసు, మడిలో మలుపు తిరగడానికి వీలుగా. రోడ్డెక్కితే రెండిటినీ కలిపి లాక్ వేయాలి. మా లాక్ విరిగిపోయి ఎన్నాళ్లయిందో తెలీదు, ఆ బండి మీదే పూల బస్తాలు వేసుకుని ఆనందపురం హైవే దాటి వచ్చేవాళ్లం. స్పీడులో ఒక పెడలే తొక్కితే బండి ఆ వైపుకి గిర్రున తిరిగి పల్టీ కొడుతుంది. పాత లాక్ చూసి అలాంటిదే కొత్తది చేసి పెట్టాడు, మూడు వందలు.

హైడ్రాలిక్ పైపు దగ్గర తడిగా ఉంటే నేను చెయ్యి పెట్టి తుడవబోయాను. చేతి మీద ఒక్కటిచ్చాడు. నిజంగానే, చిన్నపిల్లాడిని కొట్టినట్టు. తర్వాత పాత కేలండర్ అట్ట తెచ్చి, ఇంజిన్ ఆన్ చేయించి, పైపు పొడుగునా అట్టని జరిపాడు. ఒక చోట అట్ట మీద సన్నగా గీత పడింది, కంటికి ఏమీ కనిపించలేదు. సూది మొనంత చిల్లు. కారు టైరులో గాలి రెండు కిలోలుంటుంది అనుకుంటే, ఈ పైపులో ఆయిల్ ఒత్తిడి 150 పైనే, అది చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి ముల్లు గుచ్చినంత గాటే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు, ఆయింట్‌మెంట్ రాసుకుని పడుకుంటే లోపల కండ కుళ్లి వేలో చెయ్యో పోతుంది. అలాంటిది జరిగితే గంటలు లెక్కపెట్టకుండా సర్జన్ ఉన్నచోటికి వెళ్లాలి, మన వైపైతే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి, వెళ్లాక ముల్లు గుచ్చుకుందని కాకుండా ఆయిల్ లోపలికెళ్లిందని చెప్పాలి. ఈ ఒక్క సంగతికి ఆయన బండిని తొమ్మిది రోజులు పెట్టుకోవడాన్ని నేను సగం క్షమించేశాను.

అవును, తొమ్మిది రోజులు. మూడు రోజులన్నాడు, తొమ్మిది పట్టింది. ఫోన్ ఎత్తడు. ఎత్తితే "రేపొచ్చీండి" అంటాడు, వెళ్తే బండి ఉన్న చోటే ఉంటుంది, మొద్దుల మీద. మధ్యలో వాన పడింది, ఊళ్లో అందరూ దుక్కులు మొదలుపెట్టారు, నాన్న రోజూ పొద్దున్న ఆరింటికి నాకు ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా పెట్టేసేవాడు. చివరికి పక్కూరి బండిని గంట లెక్కన అద్దెకి తెచ్చి రెండెకరాలు దున్నించాం, ఆ డబ్బులు బిల్లులో కలుపుకుంటే ఈ షెడ్డు చౌక కాదు. బిల్లు అంటే కేలండర్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసిందే: కవరు 1,800, స్విచ్చు 450, పైపు, బ్లేడ్లు, రేకు, కూలి, మొత్తం 7,900. జీఎస్టీ బిల్లు కావాలనుకునేవాళ్లు వేరే చోటు చూసుకోవడం మంచిది.

ఇంకో కంప్లైంట్ ఉంది, ఇది అసలైంది. అంత చాదస్తం ఉన్న మనిషి షెడ్డులో వెల్డింగ్ కుర్రాడు మామూలు చలువ కళ్లద్దాలు పెట్టుకుని వెల్డింగ్ చేస్తున్నాడు, అదీ సగం సేపు మొహం పక్కకి తిప్పుకుని. మేస్త్రిని అడిగాను. "షీల్డు ఉంది బాబూ, ఉక్కపోతకి ఎట్టుకోడు" అన్నాడు. మరి మీరే కదా అన్నారు, ఎందుకు పీకేస్తాడో కనుక్కోకుండా కవరు తగిలిస్తే లాభం లేదని, అని అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, హెల్పర్లు చేతిలో పని ఆపి చూశారు. ఆయనేమీ అనలేదు, బీడీ వెలిగించుకుని అవతలికెళ్లాడు. డీజిల్ డబ్బాలకి దూరంగానే వెళ్లాడు, అది గమనించాను. తర్వాతసారి వెళ్తే వెల్డింగ్ దగ్గర ఒక పాత టేబుల్ ఫ్యాను తిరుగుతోంది, కుర్రాడు షీల్డు పెట్టుకుని ఉన్నాడు. నేను చెప్పానని పెట్టారో, కరెంటు బిల్లుకి ధైర్యం వచ్చి పెట్టారో అడగలేదు.

షెడ్డు మూల ఒక నూర్పిడి మెషిన్ పడి ఉంది, ఎవరిదో, రెండేళ్లుగా తీసుకెళ్లలేదట. దాని నోటికి ఉన్న రేకు తొట్టి చాలా పొట్టిది. మేస్త్రి దాని దగ్గరికి తీసుకెళ్లి తన మోచేతి నుంచి వేళ్ల చివరి దాకా కొలిచి చూపించాడు: తొట్టి రెండు మూరలుండాలి, అందులో మెషిన్ వైపు మూర పైన మూసి ఉండాలి, అప్పుడు ఎంత తోసినా చెయ్యి కత్తుల దాకా వెళ్లదు. నేను ఇంటికొచ్చి వెతికితే, వస్తువులకి ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ ప్రమాణంలో అచ్చంగా అదే ఉంది, తొట్టి కనీసం 90 సెంటీమీటర్లు, అందులో 45 మూసి ఉండాలి. మూర అంటే ఇంచుమించు 45 సెంటీమీటర్లే కదా. నూర్పిడి మెషిన్లలో చేతులు పోవడం ఎంత ఎక్కువైందంటే, దాని కోసమే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. ఆ చట్టం పేరు ఈయన ఎప్పుడూ విని ఉండడు, నేనూ మొన్నటిదాకా వినలేదు. ఆ మెషిన్ తీసుకెళ్లడానికి ఎవరైనా వస్తే తొట్టి పొడిగించకుండా ఇవ్వనంటున్నాడు, అందుకే వాళ్లు రావడం లేదని నా అనుమానం.

గడ్డి కోసే బ్రష్ కట్టర్ కూడా పట్టుకెళ్లాను, ఎలాగూ వెళ్తున్నాను కదా అని. దాని మీద పెద్దగా చెప్పడానికేం లేదు. కింద రాళ్లు ఎగరకుండా ఉండే ప్లాస్టిక్ అడ్డు విరిగితే కొత్తది వేశాడు, భుజానికి తగిలించుకునే పట్టీ సరిచేశాడు. కొనేటప్పుడు ఇచ్చిన పుస్తకంలో 15 మీటర్ల లోపల మనుషులెవరూ ఉండకూడదని రాసుంటుంది, మనం చదవం, మా అమ్మ మాత్రం అది ఆడుతుండగానే మజ్జిగ గ్లాసు పట్టుకుని పక్కకొచ్చేస్తుంది. ఇంజిన్ వేడి మీద పెట్రోల్ పోయొద్దు, పావుగంట ఆగండి అని ఇద్దరికీ కలిపి చెప్పాడు, అమ్మ ఎదురుగా లేకపోయినా.

ఇక మడ్గార్డు గొడవ. మా ఆరేళ్లవాడు ఊరెళ్తే తాత పక్కన మడ్గార్డు మీద కూర్చుని మడి దాకా వెళ్లడం వాడికి పెద్ద పండగ. నేనూ చిన్నప్పుడు అలాగే వెళ్లాను, వాళ్ల అమ్మ ఎంత చెప్పినా నేనే పోనీలే అనేవాడిని. చిన్న గుంతలో పడ్డా అక్కణ్నుంచి జారేది వెనక చక్రం కిందకే, రోటవేటర్ తగిలించి ఉంటే ఇంక మాట్లాడక్కర్లేదు. మేస్త్రి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "పిల్లోడు ఎక్కుతాడా" అని అడిగాడు, అవునన్నాను, సాయంత్రానికి మడ్గార్డు మీద కూర్చునే చోట ఇనుప కమ్మీలతో సామాను పెట్టె బిగించేశాడు. గ్రీజు గన్, స్పానర్లు, కేలండర్ అట్ట ముక్క అందులోనే పెట్టాడు. ఇప్పుడు అక్కడ పిల్లాడు కాదు కదా పిల్లి కూడా కూర్చోలేదు. మా వాడు నాతో ఒక పూట మాట్లాడలేదు.

మా నాన్న అయితే రెండ్రోజులు మాట్లాడలేదు, మేస్త్రితో. పదిమంది ముందు "లుంగీతో దీనెనక్కి రాకండి పెద్దాయనా, ఆపి దిగండి" అని అన్నాడని. నలభై ఏళ్లు వ్యవసాయం చేసినవాడిని, నాకు చెప్తాడా అని. మాట తీరులో మేస్త్రికి రెండు మార్కులు తగ్గించొచ్చు, నిజమే, కొంచెం మెత్తగా చెప్పొచ్చు. ట్రాక్టర్ నడపడం, చూసుకోవడం నేర్పడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది, పద్మనాభం నుంచి ఎవరెళ్తారు చెప్పండి ఆ చివరికి, అందుకే మా వైపు రైతులకి ఈ విషయాలు చెప్పేది ఇలాంటి షెడ్డుల్లో బీడీ కాల్చే మేస్త్రులే, వాళ్లు తిట్టినట్టే చెప్తారు.

మరి ఏడాదైంది, ఎలా ఉందంటే: కవరు ఉంది. ఒక గొలుసు తెగితే నాన్న సైకిల్ గొలుసు ముక్క కట్టాడు, మొన్న వెళ్లినప్పుడు సరైనది కొని వేశాను. గ్రీజు రోజూ పడుతోంది, క్లిప్పులు బాగున్నాయి, పసుపు రంగు మట్టికి గోధుమరంగయింది. బ్రేక్ లాక్ రోడ్డెక్కే ముందు వేస్తున్నాడో లేదో నాకు తెలీదు, అడిగితే వేస్తున్నానంటాడు. సెల్ఫ్ స్విచ్చు ఒకసారి మొరాయించింది, వైర్లు కలిపేద్దామా అని నడిపే కుర్రాడు అడిగితే నాన్నే వద్దన్నాడట, ఇది కుర్రాడే నాతో చెప్పాడు. లుంగీ మాత్రం మానలేదు. మడికి వెళ్లేటప్పుడు కింద నిక్కరు వేసుకుని, ట్రాక్టర్ దగ్గరికి రాగానే లుంగీ విప్పి గట్టు మీద కొబ్బరి మట్టకి తగిలిస్తున్నాడు. ఊళ్లోవాళ్లు మళ్లీ నవ్వుతున్నారు.

రేటింగ్ అడిగితే పనికి ఐదుకి ఐదు, టైముకి ఒకటి, ఫోనుకి సున్నా. వెళ్లాలనుకుంటే వేసవిలోనే వెళ్లండి, ఏప్రిల్లో అయితే ఖాళీగా కూర్చుని ఉంటాడు, తీరిగ్గా అన్నీ చూపిస్తాడు, వాన పడ్డాక వెళ్తే మీ బండి మొద్దుల మీద, మీరు అద్దె బండి మీద. కూర్చోడానికి స్టూలు కూడా ఉండదు, టీ జంక్షన్లోనే తాగి వెళ్లండి.

నేను ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నా, మా ట్రాలీ వెనక రేడియం స్టిక్కర్లు లేవు, చీకటి పడ్డాక హైవే మీద అది ఉందో లేదో వెనక లారీ వాడికి తెలీదు. మేస్త్రికి నిన్నట్నుంచి ఫోన్ చేస్తున్నా, రింగవుతూనే ఉంది.